దాదా కారుకు మళ్లీ రంగు వేయిస్తున్నారా? ముందు ఛాసిస్ నంబర్ రేకు చూసుకోండి

అల్లవరం మండలంలో ఒక ఊరు. పేరు రాయొద్దని ఆ ఇంటివాళ్లు అడిగారు కాబట్టి రాయడం లేదు. వాళ్ల కొబ్బరితోటలో తాటాకుల పాక కింద ఒక తెల్ల అంబాసిడర్ చాలా ఏళ్లుగా కదలకుండా ఉంది. దాదా 1984లో కొన్న కారు. ఆ వీధిలో ఎంతోమంది పెళ్లికూతుళ్లు ఆ కారులోనే అత్తారింటికి వెళ్లారు. అర్ధరాత్రి నొప్పులొస్తే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లిందీ అదే. దాదా పోయాక దాన్ని నడిపేవాళ్లు లేరు, అమ్మడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఇప్పుడు మనవడు కువైట్‌లో పని చేస్తున్నాడు. చెల్లెలి నిఖా కుదిరింది. దాదా కారులోనే చెల్లెల్ని పంపాలని పట్టుబట్టి నెలనెలా డబ్బు పంపాడు. పక్క ఊరి షెడ్డులో టింకరింగ్, పెయింటింగ్, సీట్లు అన్నీ చేయించారు. కారు నిజంగానే కొత్తదానిలా తయారైంది. ఆ తర్వాత ఆర్‌సీ రెన్యువల్ కోసం తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తించి, టార్చి వేసి చూసి ఒకే ఒక్క మాట అడిగారట: "నంబర్ ఏదండీ?"

బానెట్ లోపల నంబర్ రేకు ఉండాల్సిన చోట నున్నగా తెల్ల రంగు మెరుస్తోంది. షెడ్డుకు ఫోన్ చేస్తే మేస్త్రీ చెప్పిన సమాధానం: "ఆయ్, అక్కడ రేకంతా తుప్పు తినేసిందండి. కోసేసి కొత్త రేకు అతికించాం. పాతది తుక్కులో ఉంటదండి."

మేస్త్రీ అబద్ధం చెప్పలేదు, దొంగతనమూ చేయలేదు. కానీ రెండు లక్షలకు పైగా ఖర్చు పెట్టిన కారు ఆ క్షణం నుంచి రోడ్డెక్కడానికి లేకుండా పోయింది. పాత కారు, జీపు, బుల్లెట్, చేతక్ ఏదైనా సరే ఇంట్లో పెట్టుకుని "ఎప్పుడైనా బాగు చేయిద్దాం" అనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆ బాగుచేసే షెడ్డుల్లో పనిచేసేవాళ్లలో కూడా మన పిల్లలు ఎక్కువ. అందుకే ఈ సంగతి రెండు వైపులవాళ్లూ చదవాలని రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. నంబర్ ప్లేటు అనగానే అందరికీ గుర్తొచ్చేది బండి ముందూ వెనకా ఉండే రిజిస్ట్రేషన్ ప్లేటు. అది పోతే కొత్తది వేయించుకోవచ్చు, దానికో పద్ధతి ఉంది. ఇక్కడ మాట్లాడుతున్నది అది కాదు. బండి తయారైన రోజు ఫ్యాక్టరీలో ఇచ్చిన గుర్తింపు వేరే ఉంటుంది. ఒకటి ఛాసిస్ నంబర్, రెండోది ఇంజిన్ నంబర్. కొన్ని బండ్లలో నంబర్‌ను ఇనుములోకే పంచ్ కొడతారు. కొన్నింట్లో చిన్న అల్యూమినియం రేకు మీద కొట్టి, ఆ రేకును రివెట్లతో బిగిస్తారు. చాలా బండ్లకు రెండూ ఉంటాయి. బుల్లెట్‌కైతే హ్యాండిల్ కింద మెడ గొట్టం మీద చూడాలి. జీపుకు కింది ఛాసిస్ పట్టీ మీద ఉంటుంది. పాత కార్లలో బానెట్ ఎత్తితే ఇంజిన్ వెనక కనిపించే గోడ మీద రేకు ఉంటుంది.

ఇప్పటి బండ్లకు ఈ నంబర్ 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. మొదటి మూడూ ఏ కంపెనీయో చెబుతాయి: మారుతి అయితే ఎంఏ3, టాటా అయితే ఎంఏటీ. ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. దాదాల కాలం బండ్లకు ఇంత పద్ధతి లేదు, నంబర్ పొట్టిగా ఉంటుంది. పొట్టిగా ఉందని అది తక్కువ నంబరేమీ కాదు. ఆర్‌సీ పుస్తకంలో ఏముందో ఇనుము మీదా అదే ఉండాలి, అంతే.

అసలు నంబర్‌కు ఇంత విలువ ఎందుకంటే, బండిలో మిగతావన్నీ మారిపోతాయి కాబట్టి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడ పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆయన 1911లోనే పోయారు, కారు తర్వాత వచ్చింది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ ఛాసిస్, ఇంజిన్ మాత్రమే చేసేది. పైన కనిపించే బాడీ బార్కర్ అనే వేరే కంపెనీ కట్టింది. అంటే పైబాడీ ఒకరిది, కింది ఇనుము మరొకరిది. రంగు మారినా, సీట్లు మారినా, బాడీనే మారినా ఆ బండి ఏదో చెప్పేది ఛాసిస్ మీద ఉన్న అంకెలే. మన అంబాసిడర్‌కూ లెక్క అదే.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో 55వ సెక్షన్, 5వ ఉపసెక్షన్ చదివితే విషయం సూటిగా ఉంటుంది. బండి మీద ఉన్న ఇంజిన్ నంబర్ గానీ ఛాసిస్ నంబర్ గానీ ఆర్‌సీలో రాసినదానికి తేడాగా ఉందని తేలితే రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయాలి. ఊరికే రద్దు చేయరు. ముందు ఓనర్‌కు తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, రద్దు చేస్తే కారణాలు రాయాలి. ఆ ఆర్డర్ మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకునే హక్కు 57వ సెక్షన్ ఇచ్చింది. నోటీసు వస్తే భయపడి బండిని ఎవరికో అమ్మేయకండి. సమాధానం రాయండి.

52వ సెక్షన్ ఇంకొకటి. కంపెనీ ఇచ్చిన రూపానికీ ఆర్‌సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, మార్చాలంటే ముందు అనుమతి ఉండాలి. ఈ సెక్షన్ మీద కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు ఇస్తూ కంపెనీ అసలు రూపానికి విరుద్ధమైన మార్పులు చెల్లవని చెప్పింది. అనుమతి లేకుండా విడిభాగాలు బిగించి బండిని మార్చిన ఓనర్‌కు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని 182ఏ సెక్షన్ అంటోంది. అది 2019 సవరణలో వచ్చింది.

ఇవన్నీ రవాణా శాఖ సంగతులు. పోలీసుల సంగతి వేరే. నంబర్ గీకేసిన బండి రోడ్డు మీద కనిపిస్తే వాళ్లకు మొదట వచ్చే అనుమానం దొంగ బండి అని. ఆ అనుమానంతో బండిని స్వాధీనం చేసుకునే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద వాళ్లకుంది. కావాలనే నంబర్ చెరిపి వేరే నంబర్ కొట్టారని తేలితే భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, ఫోర్జరీకి 336, దొంగసొత్తు దగ్గర పెట్టుకున్నందుకు 317 లాంటి సెక్షన్లు ఉన్నాయి. పొరపాటున పోయినదానికీ కావాలని చెరిపినదానికీ చట్టంలో తేడా ఉంది, నిజమే. కానీ ఆ తేడాను రుజువు చేసుకోవాల్సిన తిప్పలు మాత్రం బండి ఎవరి దగ్గర ఉంటే వాళ్లకే.

ఈ కఠినత్వం అనవసరం అనిపిస్తే ఒక సంగతి గుర్తు చేస్తాను. 2017 ఏప్రిల్ 1 తర్వాత బీఎస్-3 బండ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు ఆపేసింది. తుక్కు కింద కొన్న బీఎస్-3 లారీలను తప్పుడు కాగితాలతో బీఎస్-4గా చూపించి నాగాలాండ్‌లో రిజిస్ట్రేషన్ చేయించారన్న ఆరోపణల మీద 2020లో అనంతపురం జిల్లాలో కేసులు పెట్టారు. తుక్కుగా ఉండాల్సిన బండి మళ్లీ రోడ్డెక్కిందా లేదా అన్నది తేల్చడానికి చూసేది కూడా ఛాసిస్ నంబరే. ఇప్పుడు గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాల్లో బండిని నరికేటప్పుడు ఛాసిస్ నంబర్ ఉన్న ముక్కను విడిగా కోసి దాచిపెట్టేది కూడా అందుకే. దొంగలు చేసే పని కూడా చెప్పాలి. యాక్సిడెంట్‌లో నుజ్జయిన కారును ఆర్‌సీతో సహా చవగ్గా కొని, ఆ నంబర్‌ను దొంగిలించిన అదే రకం కారుకు అతికిస్తారు. మన టింకరింగ్ మేస్త్రీ అమాయకంగా కోసి అతికించిన పనీ, దొంగ చేసే పనీ బయటినుంచి చూస్తే ఒకేలా ఉంటాయి.

కోనసీమలో ఇది మరీ ఎక్కువ సమస్య. ఓడలరేవు, కొమరగిరిపట్నం వైపు ఇళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు, ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు. దానికి తోడు వరద నీళ్లు, తుఫాన్లు. 1996 నవంబరు 6 తుఫానును చూసిన బండ్లు ఇంకా కొన్ని పాకల్లో ఉన్నాయి. నీళ్లు, బురద నిలిచిన చోటే రేకు ముందు పోతుంది. కాబట్టి మన దగ్గర పాత బండి బాగుచేయడం అంటే రంగు వేయడం కాదు, తుప్పు కోయడమే సగం పని. నంబర్ రేకు తరచుగా ఆ తుప్పు మధ్యలోనే ఉంటుంది.

మరి ఏం చేయాలి? షెడ్డులో బండి దింపకముందే పని మొదలవుతుంది. ఆర్‌సీ పుస్తకం తీసుకుని బండి దగ్గర కూర్చోండి. గ్రైండర్ గానీ ఇసుక కాగితం గానీ వాడకుండా కిరసనాయిలులో ముంచిన గుడ్డతో, మెత్తటి బ్రష్‌తో నంబర్ ఉన్న చోటు మెల్లగా శుభ్రం చేయండి. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ ఒక్కో అక్షరం పుస్తకంతో సరిచూడండి. తర్వాత ఫోటోలు తీయండి. ఒకటి దగ్గర నుంచి, ఇంకొకటి దూరం నుంచి. దూరం ఫోటోలో ఆ నంబర్ ఏ బండిలో, ఎక్కడ ఉందో కనిపించాలి. నంబర్ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అక్షరాలు కాగితం మీద తేలతాయి. దీన్నే ఆఫీసులో పెన్సిల్ ప్రింట్ అంటారు, కొత్త బండి రిజిస్ట్రేషన్‌కు పెట్టే 20వ నంబర్ ఫారంలో దీనికోసం ఖాళీ చోటు కూడా ఉంటుంది. రెండు మూడు తీసి, తేదీ వేసి, ఒకటి ఆర్‌సీతో పాటు దాచండి.

పని జరుగుతున్నంతసేపూ నంబర్ మీద గ్రీజు పూసి, పైన మాస్కింగ్ టేపు అంటించమని మేస్త్రీకి చెప్పండి. ఇనుములో కొట్టిన నంబర్ చుట్టూ జానెడు దూరంలో గ్రైండర్ రాకూడదు, లప్పం పెట్టకూడదు. లప్పం, రంగు మందంగా పడితే నంబర్ అక్కడే ఉన్నా కనిపించదు. ఇన్‌స్పెక్టర్ ముందు మళ్లీ గీకాల్సి వస్తుంది, ఆ గీకుడులో అసలు నంబర్ అరిగిపోయినా పోవచ్చు. రేకును రివెట్లు ఊడదీసి తియ్యాల్సిందే అంటే, అక్కడ ఆగండి. ముందు ఆఫీసులో అడగండి.

నంబర్ ఉన్న ఇనుమే తుప్పు తినేసిందా? అప్పుడు వెల్డర్ దగ్గరికి కాదు, ముందు అమలాపురం రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లాలి. పరిస్థితి వివరిస్తూ అర్జీ పెట్టండి, ఫోటోలు, ఆర్‌సీ కాపీ జతచేయండి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ చూడాలి. నంబర్ మళ్లీ పంచ్ కొట్టాలన్నా ఆఫీసు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాకే, వాళ్లు చెప్పిన విధంగానే. "మా దగ్గర పంచ్ సెట్ ఉందిలెండి, కొట్టేద్దాం, ఎవరికి తెలుస్తుంది" అనే మాట షెడ్డుల్లో వినిపిస్తుంది. తెలుస్తుంది. ఫ్యాక్టరీ అక్షరాల తీరు వేరు, సుత్తితో కొట్టిన అక్షరాల తీరు వేరు. పైగా ఇనుములో పంచ్ కొట్టినప్పుడు ఆ దెబ్బకు అక్షరం కింద లోపలి ఇనుము కూడా నలుగుతుంది. పైన గ్రైండర్ పట్టి నున్నగా చేసినా ఆ నలుగుడు మిగిలే ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఆమ్లం ద్రావకం పూస్తే నలిగిన చోటు వేరుగా కరిగి పాత అంకెలు బయటపడతాయి. అన్ని కేసుల్లో కాకపోయినా చాలాసార్లు బయటపడతాయి.

ఇంటర్నెట్‌లో పాత జీపులకు, స్కూటర్లకు అచ్చం పాతవాటిలా ఉండే ఖాళీ రేకులు దొరుకుతాయి. గోడకు అలంకారంగా పెట్టుకుంటే పెట్టుకోండి. దానిమీద మన నంబర్ కొట్టించి బండికి బిగించి, అసలు రేకు పారేయడం మాత్రం నా దృష్టిలో శుద్ధ తెలివితక్కువ పని. నంబర్ నిజమైనదే అయినా రేకు నకిలీ అవుతుంది. కొనేవాడు కాస్త తెలిసినవాడైతే ఆ ఒక్క రేకు చూసి మిగతా బండి మొత్తాన్నీ అనుమానిస్తాడు. ఐబ్ దాచి అమ్మకూడదన్నది మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే కదా.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటి అడగొచ్చు, అక్కడ ఎలా అని. అక్కడి ఫెడరల్ చట్టంలో గుర్తింపు నంబర్‌ను తెలిసి చెరిపినా మార్చినా ఐదేళ్ల దాకా జైలు. అయితే రిపేరు చేసేవాడు పనికి తప్పనిసరై తీస్తే అది నేరం కాదన్న మినహాయింపు అదే చట్టంలో రాసి ఉంది. అక్కడి వీడియోలు చూసి రేకు తీసి, రంగు వేసి, మళ్లీ రివెట్ కొట్టే పద్ధతి మన షెడ్డుల్లో మొదలుపెట్టకండి. మన 55వ సెక్షన్‌లో అలాంటి మినహాయింపు రాసి లేదు. నంబర్ కలవాలి అన్నదే లెక్క.

ఇంజిన్ మార్పు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అంబాసిడర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ కథ ఉంటుంది. పెట్రోలు ఖరీదయ్యాక డీజిల్ ఇంజిన్ వేయించినవాళ్లు గోదావరి జిల్లాల్లో ఎంతమందో. అల్లవరం కుటుంబం కారుకూ దాదా అలాగే ఇంజిన్ మార్పించారు. కానీ ఆయన ఆర్‌సీ పుస్తకం వెనక పేజీలో కొత్త ఇంజిన్ నంబర్, ఇంధనం మార్పు సిరాతో రాయించి, సంతకం, ముద్ర వేయించుకున్నారు. కొన్న ఇంజిన్ బిల్లు కూడా పుస్తకంలోనే మడతపెట్టి ఉంది. ఆ పేజీ నేను చూశాను. కామర్స్ చదివినవాణ్ని కాబట్టి ఇలాంటి ఓచర్ చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఇంజిన్ నంబర్ విషయంలో ఇప్పుడు ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. దాదా అప్పుడు ఆఫీసు చుట్టూ రెండు రోజులు తిరిగి ఉంటారేమో, మనవడికి ఇన్నేళ్ల తర్వాత పనికొచ్చింది. మీ ఇంటి బండిలో ఇంజిన్ మార్చి ఉండి, పుస్తకంలో ఎక్కించకపోతే, బిల్లు వెతకడం ఈ రోజే మొదలుపెట్టండి.

షెడ్డులో పనిచేసే తమ్ముళ్లకు, భాయ్‌లకు ఒక మాట. బండి దింపుకునేటప్పుడు ఆర్‌సీ జిరాక్స్, ఓనర్ ఆధార్ జిరాక్స్ తీసుకోవడం మర్యాద తక్కువ పనేమీ కాదు. ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, బండి నంబర్, ఛాసిస్ నంబర్, ఏ పని ఒప్పుకున్నారో రాసి ఓనర్ సంతకం పెట్టించుకోండి. పని మొదలుపెట్టకముందు ఫోన్‌లో బండిని నాలుగు వైపులా, బానెట్ లోపల, నంబర్ దగ్గర ఫోటో తీయండి. పుస్తకంలో ఉన్న నంబర్, ఇనుము మీద ఉన్న నంబర్ కలవకపోతే ఆ బండికి స్పానర్ పెట్టకండి, తెలిసినవాళ్లదే అయినా సరే. "అన్నా, నీకు అన్నీ తెలుసు, ఈ నంబర్ కొట్టిపెట్టు, వెయ్యి ఎక్కువ తీసుకో" అని వచ్చేవాడు రేపు స్టేషన్‌లో మీ పేరే ముందు చెబుతాడు. అనుమానం ఉంటే నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్ సేవలో నంబర్లు ఇచ్చి ఆ బండి దొంగతనం కేసుల్లో ఉందో లేదో చూసుకోవచ్చు. పాత బండి కొనేవాళ్లు కూడా డబ్బు ఇచ్చే ముందు ఇది చూడాలి. డోర్లు, మడ్‌గార్డులు ఊడదీసుకోవడానికి రెండో బండి కొంటుంటారు కదా, ఆ బండి రిజిస్ట్రేషన్‌ను దాని ఓనర్ రద్దు చేయించారా లేదా కనుక్కోండి. పనికిరాకుండా పోయిన బండి గురించి 14 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి ఆర్‌సీ పంపాలని 55వ సెక్షనే చెబుతోంది. ఆ రెండో బండి రేకు, ఆర్‌సీ మీ షెడ్డు గోడకు వేలాడదీయకండి.

బండి ఇప్పటికే స్టేషన్‌లో ఉందంటే, కాగితాలన్నీ తీసుకుని వకీలు ద్వారా కోర్టులో అడగాలి. సురక్షా సంహితలో 497, 503 సెక్షన్లు దీనికోసమే. స్వాధీనం చేసుకున్న బండ్లను ఎండకు, వానకు స్టేషన్ ఆవరణలో ఏళ్ల తరబడి ఉంచకూడదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. వకీలుకు ఆ పేరు తెలిసే ఉంటుంది.

మన కుటుంబాల్లో ఇంకో చిక్కు. బండి ఇంకా దాదా పేరు మీదే ఉంటుంది. ఓనర్ చనిపోతే వారసులు ఆ సంగతి 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లో 31వ నంబర్ ఫారంతో బదిలీకి పెట్టుకోవాలని నిబంధన. మనం చాలామంది అది చేయం. ఆలస్యమైనా చేయించుకోవచ్చు, కానీ పేరు మారకుండా రంగుకూ ఇంజిన్‌కూ లక్షలు పెట్టకండి. బదిలీకి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, మిగతా వారసుల అంగీకారం కూడా అడుగుతారు. ఇక్కడ అబ్బా, చాచాల సంతకాలు తెచ్చి ఫుప్పూల సంతకాలు వదిలేసేవాళ్లు ఉన్నారు. దాదా కారు దాదా తర్కాలో భాగం. షరియత్ ప్రకారం కూతుళ్లకూ అందులో వాటా ఉంది. మనవడు ప్రేమతో బాగుచేయిస్తున్నాడంటే ఏ ఫుప్పూ కాదంటుంది? అడగకుండా చేస్తేనే తర్వాత మాటలు వస్తాయి.

ఖర్చు లెక్క కూడా ముందే వేసుకోండి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఐదేసి ఏళ్లకు రెన్యువల్ చేస్తారు. 20 ఏళ్లు దాటిన బండ్లకు ఆ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో పెంచింది: కారుకు 10,000, మోటార్ సైకిల్‌కు 2,000 రూపాయలు. దీనికి గ్రీన్ ట్యాక్స్, ఆలస్య రుసుము, ఇన్సూరెన్స్ తోడవుతాయి. ఆర్‌సీ పుస్తకం పోతే పోలీసు రిపోర్టుతో 26వ ఫారం పెట్టి డూప్లికేట్ తీసుకోవాలి. చేతిరాత కాలం పుస్తకాల వివరాలు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే ముందు ఆఫీసులో రికార్డు ఎక్కించుకోవాలి.

"వింటేజ్ కింద పెట్టుకుంటే ఈ గొడవలుండవు కదా" అని ఒకాయన నాతో అన్నారు. ఉంటాయి. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన రెండు, నాలుగు చక్రాల సొంత బండ్లకే ఆ అవకాశం. అదీ ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంటేనే. కొత్తగా రిజిస్టర్ చేస్తే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, వీఏ అనే అక్షరాలున్న నంబర్ వస్తుంది. ఇదివరకే రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు పాత నంబరే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తిప్పొచ్చు తప్ప రోజూ బజారుకు వేసుకెళ్లడానికి కాదు. 1984 కారు, అందులోనూ మార్చిన ఇంజిన్, ఈ లెక్కలోకి రాదు.

ఇక ఆ అల్లవరం కారు. మేస్త్రీ మంచివాడు, తుక్కు అమ్మే రోజు ఇంకా రాలేదు. షెడ్డు వెనక గుట్టలో రెండు రోజులు వెతికితే కోసేసిన ఆ రేకు ముక్క దొరికింది. నంబర్ రేకు రివెట్లతో సహా దానికే అంటుకుని ఉంది, మూడు అంకెలు తప్ప మిగతావన్నీ కనిపిస్తున్నాయి. ఇంకో అదృష్టం, షెడ్డు కుర్రాడు వాట్సాప్ స్టేటస్ కోసం పని మొదలుపెట్టిన రోజు బానెట్ ఎత్తి ఫోటో తీశాడు. పెద్దది చేసి చూస్తే ఆ మూడు అంకెలూ అందులో చదవొచ్చు. కారు తయారుచేసిన హిందుస్తాన్ మోటార్స్ 2014లోనే అంబాసిడర్ తయారీ ఆపేసింది, బ్రాండ్ పేరు కూడా 2017లో ప్యూజో కంపెనీకి అమ్మేసింది. కాబట్టి కంపెనీ నుంచి ఉత్తరం తెమ్మంటే అదో పెద్ద పని.

రేకును తామే మళ్లీ బిగించుకుందామని మొదట అనుకున్నారట. ఎవరో పెద్దాయన వద్దన్నారు. ముక్కను అలాగే సంచిలో పెట్టి, ఫోటో ప్రింటు, మేస్త్రీ రాసిచ్చిన కాగితం, దాదా పుస్తకం, ఇద్దరు ఫుప్పూల సంతకాలతో కలిపి ఆఫీసులో ఇచ్చారు. నేను ఇది రాసే నాటికి ఫైలు అక్కడే ఉంది. నిఖాకు ఇంకా ఆరు వారాలుంది. కారు టార్పాలిన్ కింద పాకలోనే ఉంది. పెళ్లికూతురి కోసం ప్రస్తుతానికి ఇన్నోవా మాట్లాడి, అడ్వాన్సు కూడా ఇచ్చేశారు.